కుందేలు చెప్పాక గర్భిణినీ అడగాలి

గర్భిణికి వేసిన టీకా కడుపులోని బిడ్డను ఎంతవరకు కాపాడుతుందో తేల్చే పరిశోధనల్లో చిట్టెలుకను వాడటం ఎక్కువగా సౌలభ్యం కోసమే. ఈ ప్రశ్నకు తగిన జంతువు కుందేలు. మనిషి బిడ్డకు తల్లి రక్తంలో ఎక్కువగా ఉండే ఐజీజీ రకం యాంటీబాడీలు ప్రధానంగా చివరి మూడు నెలల్లో మాయ ద్వారా చేరతాయి. కుందేలు పిల్ల కూడా వాటిని పుట్టకముందే అందుకుంటుంది. చిట్టెలుక పిల్లకైతే పుట్టాక కూడా పాల ద్వారా, పేగు గోడ గుండా అందుతూనే ఉంటాయి కనుక, ఏది గర్భంలో వచ్చిందో ఏది పాలతో వచ్చిందో విడదీయడమే ఒక పని అవుతుంది. పైగా జత కట్టిన తర్వాతే అండం విడుదలయ్యే జీవి కాబట్టి కుందేలు గర్భానికి తొలి రోజు కచ్చితంగా తెలుస్తుంది. మనుషులకిచ్చే పూర్తి మోతాదును తట్టుకునేంత శరీరమూ దానికుంది.

కుందేలులో ఈ యాంటీబాడీలు మాయ గుండా కాక సొనసంచి (పిండాన్ని అంటిపెట్టుకుని ఉండే పొర) గుండా వెళతాయని, దానికి ఐజీజీ ఒకే రకమని, మనిషికి నాలుగు ఉపరకాలు ఉన్నాయని విమర్శకులు అంటారు. గర్భకాలం 31 రోజులే కావడంతో తొలి డోసును తరచుగా జత కట్టించక ముందే వేయాల్సి వస్తుందన్నదీ నిజమే. ఇవి ఫలితాలను జాగ్రత్తగా చదవడానికి కారణాలే తప్ప కుందేలును వదిలేయడానికి కావు.

సొనసంచి దారిని కుందేళ్లలో నిరూపించినది వేల్స్‌లోని బాంగోర్‌లో పనిచేసిన జంతుశాస్త్రవేత్త బ్రాంబెల్ బృందమే. యాంటీబాడీని పట్టి మోసుకుపోయే గ్రాహకం (కణంలోని ప్రోటీన్) ఉండాలని ఊహించిందీ బ్రాంబెలే. ఎఫ్‌సీఆర్‌ఎన్ పేరుతో దాన్ని తర్వాత గుర్తించారు. మనిషి మాయలోనూ ఆ పని చేసేది అదే. ఆయనే 1965లో మాంసం, పాలు, గుడ్ల కోసం పెంచే పశుపక్ష్యాదుల సంక్షేమంపై బ్రిటన్ ప్రభుత్వ కమిటీకి నాయకత్వం వహించారు. ఈ రెండు పనుల మధ్య నాకు వైరుధ్యం కనిపించదు. ఒక ప్రాణిని ప్రయోగానికి వాడుకున్నప్పుడు, అది నిజంగా జవాబివ్వగల ప్రశ్ననే దాన్ని అడగడం మన కనీస బాధ్యత.

కుందేలు జవాబివ్వలేని ప్రశ్నలూ ఉన్నాయి. 2022లో ఔషధ సంస్థ జీఎస్‌కే, పసిపిల్లల ఊపిరితిత్తులను దెబ్బతీసే ఆర్‌ఎస్‌వీ వైరస్‌పై తన టీకాను గర్భిణులపై పరీక్షిస్తుండగా నెలలు నిండని కాన్పులు ఎక్కువగా కనిపించడంతో ఆ పరీక్షను ఆపేసింది. ఆ సంకేతం బయటపడింది గర్భిణులను చేర్చుకున్న పరీక్షలోనే. మరోవైపు 2020లో కోవిడ్ టీకాల తొలి పెద్ద పరీక్షల్లో గర్భిణులకు చోటే ఇవ్వలేదు. టీకాలు వచ్చాక వేయించుకోవాలో వద్దో తేల్చుకునే భారం, సమాచారం లేకుండానే, వారి మీద పడింది. ఒకప్పుడు వేలాది శిశువులు అవయవ లోపాలతో పుట్టడానికి కారణమైన థాలిడోమైడ్ మందు మిగిల్చిన భయం దీనికి సమర్థన కాజాలదు. ఆ మందు గర్భస్థ శిశువులకు హాని చేస్తుందో లేదో సరిగా పరీక్షించకుండానే గర్భిణుల చేతికిచ్చారు. పరీక్షల నుంచి వారిని దూరం పెట్టినప్పుడు జరుగుతున్నదీ అదే.

కాబట్టి టీకా అభివృద్ధి ప్రణాళికలో కుందేళ్ల అధ్యయనం ముగిసే తేదీ పక్కనే, టీకా సురక్షితమని తేలితే గర్భిణులతో పరీక్ష మొదలయ్యే తేదీ కూడా ముందుగానే రాసి ఉండాలని నియంత్రణ సంస్థలు పట్టుబట్టాలి.