పార్కిన్సన్స్ ఉన్న ఉద్యోగి ఆఫీసులో చెప్పాలా, దాచాలా?

(ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూసే మనిషి. వయసు 45. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) అని తేలింది, మాత్రలు పనిచేస్తున్నాయి. ఆఫీసులో చెప్పమంటుంది అక్క, వద్దంటాడు తమ్ముడు.)

తమ్ముడు: చెప్పాడే అనుకో. పెద్ద పని ఒక్కటీ చేతికివ్వరు, ప్రమోషన్ పక్కవాడికి పోతుంది. మాత్రతో వణుకు ఆగింది కదక్కా, ఇంకెందుకు చెప్పడం?

అక్క: వణుకు ఒక్కటే చూస్తున్నావురా. చేతిరాత చిన్నదైపోతుంది, గొంతు తగ్గుతుంది, ముఖంలో కదలిక పోతుంది. కారణం తెలియని మేనేజరు బద్ధకమంటాడు, లేదా తాగొచ్చాడంటాడు.

తమ్ముడు: వేళకు వేసుకుంటే అవేవీ బయటపడవు.

అక్క: దాచేవాడికి కుదరనిదే అది. ఈ జబ్బుకు ముఖ్యమైన మందు లెవోడోపా తిండికి అరగంట ముందో, గంట తర్వాతో పడాలి. పప్పు, పెరుగు, గుడ్డుతో కలిస్తే వాటిలోని మాంసకృత్తులు పేగులోనూ, మెదడుకు చేరే చోటా మందుకు అడ్డుపడతాయి. మొదట్లో రోజుకు మూడు మాత్రలతో గడుస్తుంది. కొన్నేళ్లకు ఒక్కో మాత్ర పని మూడు నాలుగు గంటలకే దిగిపోతుంది. ఒంటిగంట మాత్ర మీటింగు వల్ల రెండున్నరకు పడితే, ఈలోగా ఒళ్లు బిగుసుకుని అడుగు పడదు. ఎవరైనా చూస్తారని మానేస్తే ఇంకా ప్రమాదం. ఉన్నట్టుండి మందు ఆపితే జ్వరం, ఒళ్లంతా బిగుసుకుపోవడం, ప్రాణం మీదికి వస్తుంది.

తమ్ముడు: పప్పు రాత్రికి మార్చుకుంటే సరి. దూలగొండి గింజల పొడి కూడా ఉందిగా, అందులోనూ ఆ మందేనట.

అక్క: అందుకే భయం. ఏ పొడిలో ఎంతుందో తెలియదు. మాత్రల మీద అదీ పడితే వాంతులు, ఒళ్లు మెలికలు తిరగడం.

తమ్ముడు: ఆయుర్వేదమంటే నీకెప్పుడూ చులకనే.

అక్క: చులకన కాదురా, కొలత అడుగుతున్నా.

తమ్ముడు: సరే, చట్టం చూద్దాం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ పేరుంది, ఒప్పుకుంటా. కానీ సర్వీసులో వైకల్యం వచ్చినవాణ్ణి తీసేయకూడదు, అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలనే 20వ సెక్షన్ సర్కారు కొలువులకే. పైగా 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. మాత్ర పనిచేస్తున్న వేళ శాతం తేల్చే మెడికల్ బోర్డు ముందు కూర్చుంటే అంత ఎలా వస్తుంది?

అక్క: ప్రైవేటులో ఆ రక్షణ లేదు, నిజం. శాతం మాటకు మాత్రం జవాబుంది. రైటర్స్ క్రాంప్ (రాస్తుంటే చేయి బిగుసుకుపోయే జబ్బు) ఉన్న వికాస్ కుమార్‌కు యూపీఎస్సీ పరీక్షలో రాసిపెట్టే మనిషిని ఇవ్వలేదు. 40 శాతం లేకపోయినా ఇవ్వాల్సిందేనని 2021లో సుప్రీం కోర్టు తేల్చింది. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థకు సమాన అవకాశాల విధానం, అది చూసే లైజాన్ ఆఫీసరు ఉండాలి. పనిలో ఏ సౌకర్యాలు కావాలో అర్జీ ఆయనకే ఇవ్వాలి. ముందు వారం రోజులు మాత్ర ఎప్పుడు వేసుకున్నాడో, ఎప్పుడు పట్టిందో, ఎప్పుడు దిగిందో రాసుకోమను. న్యూరాలజిస్టు కాగితంలో జబ్బు పేరొక్కటే ఉంటే చాలదు, ఏ పని ఎందుకు ఆలస్యమవుతుందో ఉండాలి. "చేయలేకపోతున్నాను" అని రాయొద్దు. మాత్రకు పది నిమిషాలు, చేతిరాత బదులు టైపింగు, చేతులున్న కుర్చీ ఇస్తే ఈ పని చేస్తానని రాయాలి. నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోవాలి.

తమ్ముడు: ప్రొబేషన్‌లో ఉన్నవాడైతే?

అక్క: అక్కడ నీ మాటే సరి, కన్ఫర్మేషన్ కాగితం చేతికొచ్చేదాకా ఆగొచ్చు. కానీ మెషీన్ దగ్గరా, స్టీరింగ్ దగ్గరా పని అయితే ఆగకూడదు. ఈ జబ్బుకే ఇచ్చే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు కూర్చున్నచోటే నిద్ర ముంచుకొచ్చేలా చేస్తాయి.