థీసిస్ లైబ్రరీలో, మా అమ్మ లైన్లో

అమ్మకు షుగరు. ఇవాళ పరగడుపున బస్సెక్కించి అనంతపురం తీసుకొచ్చాను. చీటీకి ఒక లైను, డాక్టరుకు ఒకటి, ఆయన పరీక్ష రాశాక ల్యాబు దగ్గర ఇంకొకటి. రక్తం ఇచ్చేసరికి పదకొండు. తిన్న రెండు గంటలకు మళ్లీ ఇవ్వాలి కదా, రిపోర్టు చేతికొచ్చేసరికి ఓపీ మూసేశారు. "రేపు రాండి" అన్నాడు కిటికీ లోపలి అబ్బాయి, తలెత్తకుండా. "మళ్లీ రేపా నాయనా?" అంది అమ్మ. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా అనకండి. నాకు కాదు, పోయిన కూలి అసలే ఫ్రీ కాదు.

ఆసుపత్రి పేరు రాయను. డాక్టరు మీద కోపమూ లేదు, ఆ మనిషి పొద్దుట్నుంచి టీ తాగినట్టు కూడా లేడు.

మా అక్క కూతురు వేరే ఊళ్లో ఎండీ చేసింది. ఎండీకి థీసిస్ తప్పనిసరి. ఆమె టాపిక్కు, ఓపీకొచ్చిన రోగి టైం ఎక్కడెక్కడ పోతోందని. వాచీ చూసుకుంటూ నెలల తరబడి వరండాలో నిలబడింది పిల్ల. డాక్టరు ముందు గడిచేది కొన్ని నిమిషాలే, మిగతాదంతా చీటీకి, ల్యాబుకు, రిపోర్టుకు పోతోందని తేల్చింది. పాత షుగరు రోగులు పుస్తకం చూపించి పొద్దున్నే నేరుగా రక్తం ఇచ్చేస్తే రెండో రోజు తిరగక్కర్లేదని కూడా రాసింది. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. "మరి ల్యాబు వాళ్లకు చెప్పినావా?" అంటే నవ్వింది. "థీసిస్ యూనివర్సిటీకి ఇస్తాం మామా, ల్యాబుకు కాదు."

ఒళ్లు మండేది ఇక్కడే. రోగం ఆ ఆసుపత్రిదే, పరీక్ష చేసిందీ అక్కడే, మందు మాత్రం బీరువాలో.

కాగితం ఇస్తే చాలదనేదీ నిజమే. ఉత్తరప్రదేశ్‌లో కాన్పుల మీద బెటర్‌బర్త్ అని పెద్ద పరిశోధన జరిగింది, 2017లో ఫలితాలొచ్చాయి. నర్సులకు చెక్‌లిస్టు ఇచ్చి, పక్కనుండి నేర్పే మనుషుల్నీ పెట్టారు. వాళ్లున్నప్పుడు చెయ్యాల్సిన పనుల్లో 100కి 73 దాకా చేశారు. వాళ్లు వెళ్లిపోయిన నాలుగు నెలలకు అది 62కు దిగింది. మరణాలు మాత్రం తగ్గలేదు. తగ్గలేదని దాచకుండా చెప్పారు చూడండి, అది నాకు నచ్చింది. కానీ రోజూ అక్కడే ఉండేవాళ్ల పనిగా మారనిది నిలవదని నాకర్థమైంది.

దూరం ఎందుకు, ధర్మవరం పక్కన బత్తలపల్లిలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ ఆసుపత్రి ఉంది. అక్కడి డాక్టర్లు తమ దగ్గరికొచ్చే హెచ్ఐవీ, టీబీ రోగుల రికార్డుల మీదే పరిశోధించి అంతర్జాతీయ పత్రికల్లో రాశారు. మందు రాసే చెయ్యే లెక్కా రాసింది. మన సీమలో కుదరదని ఎవరూ అనొద్దు.

థీసిస్ టాపిక్ ఎంచేటప్పుడే సూపరింటెండెంటును, హెడ్ నర్సును, ల్యాబు టెక్నీషియన్‌ను కూర్చోబెట్టండి. ఆ కిటికీ అబ్బాయినీ పిలవండి, తోపులాట ఎక్కడ మొదలవుతుందో అతనికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు?

రేపు మళ్లీ పోతున్నాం. అక్క కూతురు థీసిస్ పీడీఎఫ్ పంపింది. లైన్లో చదవడానికి టైం బాగానే దొరుకుతుంది.