కయ్యం కాపాడిన పొలాలు

వారసత్వ సంపదను కాపాడాలంటే దూరదృష్టి, చిత్తశుద్ధి, నిధులు కావాలని మేధావులు సెలవిస్తుంటారు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌షర్‌లో లాక్స్‌టన్ అనే చిన్న పల్లెను చూస్తే మాత్రం అవేవీ అక్కర్లేదనిపిస్తుంది. ఇద్దరు జమీందార్లకు బేరం కుదరకపోతే చాలు.

మధ్యయుగంలో ఇంగ్లండ్‌ పల్లెలు చాలావరకు ఒకే తీరున సాగు చేసేవి. లాక్స్‌టన్‌లో వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్ అని మూడు పెద్ద పొలాలున్నాయి. ఒక్కో రైతుకు ప్రతి పొలంలోనూ అక్కడో చెక్క, ఇక్కడో చెక్క. మధ్యలో కంచె లేదు, గట్టు లేదు. ఒక పొలంలో గోధుమ, ఇంకోదాంట్లో వసంతకాలపు పైరు, మూడోది బీడు. ఏటా వంతు మారుతుంది. మంచి నేలంతా ఒకడికే దక్కకుండా చేసిన ఏర్పాటు ఇది. ఇంత సమానత్వం పెద్దలకు నచ్చుతుందా? 1604 నుంచి 1914 వరకు పార్లమెంటులో 5,200కు పైగా బిల్లులు పెట్టి, సుమారు 68 లక్షల ఎకరాల ఉమ్మడి పొలాలను ఎవరివి వారికి విడగొట్టి కంచెలు వేయించారు. భూమి కాజేయడం చీకటి పడ్డాక చేసే పని అనుకుంటాం గానీ, వాళ్లు పట్టపగలు, సభలో, ఓటేసి మరీ కానిచ్చారు.

లాక్స్‌టన్‌కు ఆ భాగ్యం పట్టలేదు. అక్కడి భూమిలో ఎక్కువ భాగం ఇద్దరు జమీందార్లది: ఎర్ల్ మ్యాన్వర్స్‌ది, ఎర్ల్ ఆఫ్ స్కార్‌బరోది (ఎర్ల్ అంటే అక్కడి ప్రభువుల బిరుదు). కంచె వేయాలంటే ముందు చెక్కలన్నీ ఒకచోటికి చేర్చుకోవాలి; నీ చెక్క నాకిస్తే నా చెక్క నీకిస్తానన్న లెక్క వాళ్ల మధ్య ఎంతకీ తెగలేదు. 1635లో మార్క్ పియర్స్ గీసిన పటంలోని పొలాలను ఇవాళ్టికీ నేల మీద గుర్తుపట్టవచ్చంటే, ఆ పుణ్యంలో సగమైనా ఆ మొండితనానిదే.

ఈ పొలాల తగాదాలు తీర్చడానికి ఊరికి సొంత కోర్టు ఉంది. ఏటా చలికాలం మొదట్లో ఆ కోర్టు జ్యూరీ, అంటే ఊరి రైతుల బృందం, ట్రాక్టరు వెనక ట్రైలర్ ఎక్కి, కొత్తగా గోధుమ విత్తిన పొలానికి బయల్దేరుతుంది. బురదలో దిగి, చెక్కల హద్దుల్లో గూటాలు దిగ్గొడుతుంది. ఎవరైనా ఒక సాలు అత్యాశకు పోయి దారి మీదికో, ఉమ్మడి గడ్డి మీదికో దున్నారా, పేరు రాసుకుంటుంది. ఆ తర్వాత డవ్‌కోట్ ఇన్ అనే పబ్బులో భోజనం. వారం తర్వాత కోర్టు కూర్చునేదీ ఆ పబ్బులోనే! వకాల్తా లేదు, వాయిదా లేదు. కొద్దిపాటి జరిమానా కట్టి, పక్కనే ఉన్న బల్ల దగ్గర గ్లాసు అందుకోవచ్చు. ఇలాంటి పాత ఊరి కోర్టుల అధికారాలను 1977లో చట్టం చేసి ఊడబెరికారు గానీ, లాక్స్‌టన్ కోర్టు జోలికి మాత్రం పోలేదు. సాలు తగాదా ఎంత సీరియస్ వ్యవహారమో పార్లమెంటుకూ తెలుసు కాబోలు.

ఇక యాజమాన్యం సంగతి. 1952లో మ్యాన్వర్స్ ఎస్టేట్ నుంచి ఈ ఊరు వ్యవసాయ మంత్రిత్వ శాఖ చేతికొచ్చింది. 1981లో క్రౌన్ ఎస్టేట్‌కు, అంటే బ్రిటిష్ రాచరికపు ఆస్తుల్ని చూసే సంస్థకు, మారింది. 2020లో థోర్స్‌బీ ఎస్టేట్ కొనుక్కుంది; అంటే తిరిగి తిరిగి మ్యాన్వర్స్ వంశం వారి చేతికే. కాకపోతే ఈసారి అడ్డుపుల్ల వేయడానికి రెండో ఎర్ల్ లేడు. వారసత్వ సంరక్షణ మీద నిజంగా శ్రద్ధ ఉంటే, బ్రిటిష్ ప్రభుత్వం వెంటనే ఒక మొండి పెద్దమనిషిని వెతికి, పక్కనే నాలుగు చెక్కలు రాసివ్వాలని మనవి.