రాత్రి కరెంటు గారికి ఓ బహిరంగ లేఖ

అయ్యా రాత్రి కరెంటు గారూ,

నమస్కారం. బొగ్గు వ్యాగన్లు టైముకి వస్తున్నన్నాళ్లూ మీ ఆరోగ్యానికి ఢోకా లేదని తెలుసు కాబట్టి కుశల ప్రశ్నలు వదిలేస్తున్నా. నేను చెన్నైలో కాపురముంటున్న తెలుగువాణ్ణి. ఎండాకాలం రాగానే మా అపార్ట్‌మెంట్ మీటింగులో ఒక పెద్దాయన లేచి, ఎండ ఫ్రీ, సముద్రం ఫ్రీ, ఉప్పునీళ్లని మంచినీళ్లు చేసే ప్లాంటుకి నాలుగు సోలార్ ప్యానెళ్లు పెడితే ఊరంతా నీళ్లే నీళ్లు అని తేల్చేస్తారు. అందరూ చప్పట్లు కొడతారు. మీ పేరు మాత్రం ఒక్కరూ ఎత్తరు. పెళ్లి ఆల్బమ్‌లో వంటవాడి ఫొటో ఎప్పుడైనా చూశారా? మీదీ అదే బతుకు.

ఆ ‘నాలుగు ప్యానెళ్ల’ లెక్క మీకైనా చెప్పుకుంటా. సముద్రపు నీళ్లలో లీటరుకి 35 గ్రాముల దాకా ఉప్పు. ఆ నీళ్లని ఉప్పుని ఆపేసే ఆర్‌ఓ పొర దాటించాలంటే 60 బార్ల ఒత్తిడి కావాలి, కారు టైరులో కొట్టించే గాలికి పాతిక రెట్ల పైమాటే. వెయ్యి లీటర్ల మంచినీళ్లకి ప్లాంటు మూడు నాలుగు యూనిట్ల కరెంటు తాగుతుంది. చెన్నైకి దక్షిణాన నెమ్మేలిలో 2024లో ప్రారంభించిన రెండో ఉప్పునీళ్ల ప్లాంటు రోజుకి 15 కోట్ల లీటర్లది, అంటే రోజుకి సుమారు 5 లక్షల యూనిట్లు. మా ఎండకి ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకి నాలుగు యూనిట్లు ఇస్తుందనుకుంటే 125 మెగావాట్లు కావాలి, మెగావాట్‌కి నాలుగెకరాలు వేసుకున్నా 500 ఎకరాలు. అదీ సముద్రం వెంట సాగే ఈసీఆర్ రోడ్డు పక్కన! అక్కడ రెండు సెంట్ల స్థలం కొన్నవాడే ఈఎంఐలు కట్టలేక సముద్రం వైపు అదోలా చూస్తుంటాడు.

సరే, ఎవరో పుణ్యాత్ముడు ఇచ్చాడనుకుందాం. సాయంత్రం ఆరింటికి సూర్యుడు గారు పంచ్ కొట్టి వెళ్లిపోతారు. పొరలకి ఆ సౌకర్యం లేదు, ఊరికే ఆపి వదిలేస్తే పాచి పడుతుంది, ఆపినప్పుడల్లా మంచినీళ్లతో కడగాలి. పోనీ పగలే నడుపుదామంటే, అవే నీళ్లు రావడానికి ప్లాంటు మూడు రెట్లు పెద్దదైనా కట్టాలి. అందుకని రాత్రి మిమ్మల్నే పిలుస్తారు, గుట్టుగా.

ఆస్ట్రేలియావాళ్లు దీనికి చిట్టా పద్ధతి పెట్టుకున్నారు. 2012లో జెరాల్డ్‌టన్ దగ్గర గ్రీనఫ్ రివర్ అని 10 మెగావాట్ల సోలార్ కేంద్రం మొదలైంది. దాని కరెంటు రాసుకున్నది వందల కిలోమీటర్ల అవతల బినింగప్‌లో ఉన్న ఉప్పునీళ్ల ప్లాంటు ఖాతాలో. తోడుగా గాలిమరలూ ఉన్నాయి లెండి. మోసమని అనను, ఏమీ చేయకుండా కూర్చోవడం కన్నా వెయ్యి రెట్లు నయం. కానీ అర్ధరాత్రి పంపులోకి వచ్చింది మీరో, ఆ ఖాతాలో రాసిన కరెంటో ఆ పంపుకి మాత్రం ఏం తెలుసు?

మా దగ్గర ఆ దాపరికం కూడా లేదు. 2010లో మొదలైన మీంజూరు ఉప్పునీళ్ల ప్లాంటు ఉన్న కాట్టుపల్లికి దగ్గర్లోనే, బొగ్గుతో నడిచే నార్త్ చెన్నై థర్మల్ స్టేషన్ పొగ కనిపిస్తుంది. బూడిద ఎన్నూరు దగ్గరి సముద్రపు కయ్యలోకి, మంచినీళ్లు మా ట్యాంకులోకి.

1872లో చిలీలోని లాస్ సలినాస్‌లో మీ అవసరమే లేకుండా పని కానిచ్చారు. గాజు పలకల కింద ఉప్పునీళ్లు పోసి, ఎండకి ఆవిరి పట్టి, రోజుకి 20 వేల లీటర్లకి పైగా తీశారు, సురేకారం గనుల్లో కంచర గాడిదల కోసం. నలభై ఏళ్ల దాకా నడిచిందట. చదరపు మీటరుకి రోజుకి ఐదు లీటర్లు వస్తే గొప్ప. గాడిదలు సర్దుకున్నాయి. వాటికి షవర్లు లేవు కదా.

కండలేరు నుంచి చెన్నై దగ్గరి పూండి జలాశయానికి వచ్చే మన కృష్ణా నీళ్లయితే ‘నీరు పల్లమెరుగు’ అని కాలువలో వాటి దారిన వస్తాయి, వచ్చిన ఏడాది. నెమ్మేలి రెండో ప్లాంటు ఏడాదంతా ఆగకుండా నడిచినా రెండు టీఎంసీలు నిండవు.

ఇక మీకు రెస్ట్ ఇచ్చే మార్గం ఒకటుంది. కరెంటుని బ్యాటరీలో దాయడం కన్నా నీళ్లని ట్యాంకులో దాయడం చవక. ఎండ మండే వేళ పంపులు జోరుగా తిప్పి, పెద్ద ట్యాంకులు నింపి, రాత్రి సన్నగా నడపొచ్చు. మీటింగులో ఈ మాట అంటే, కొత్త ట్యాంకుకి మెయింటెనెన్స్ పెరుగుతుందని పెద్దాయన కొట్టిపారేశారు.

కాబట్టి ఈ రాత్రికీ డ్యూటీ మీదే.

ఇట్లు,
మిమ్మల్ని బకెట్లలో పట్టుకునే ఓ వినియోగదారుడు