సొంత లాప్‌టాప్‌ల మీద టెస్ట్ చేసుకుంటే హ్యాకింగా?

ఇప్పుడే ఫోన్ పెట్టేశా. ఒళ్లు మండిపోతోంది. నల్లగొండలో డిగ్రీ చదువుతున్న మా అన్న కూతురు ల్యాబ్‌లో ఓ మూలన కూర్చుని, పాత రౌటరుకు తనవి, ఫ్రెండువి కలిపి మూడు లాప్‌టాప్‌లు తగిలించి ఏఆర్‌పీ స్పూఫింగ్ (ఒక మిషన్ ఇంకో మిషన్‌నని చెప్పి నెట్‌వర్క్‌ను మోసం చేయడం) టెస్ట్ చేసుకుంటోంది. కాలేజీ నెట్ జోలికే పోలేదు. ల్యాబ్ సారొచ్చి కేబుల్ పీకేసి, "హ్యాకింగ్ చేస్తున్నవా? మీ నాయనను తీస్కరా" అన్నాడట. పైగా "మన సిస్టమ్‌లన్నిట్ల కొత్త విండోసే ఉంది, ఏం గాదు" అని క్లాసందరికీ చెప్పాడట.

ఏం గాదని ఎవరు చెప్పారు సార్? ఒకే నెట్‌వర్క్‌లో ఏ ఐపీ అడ్రస్ ఏ మిషన్‌దో కనుక్కునే పద్ధతే ఏఆర్‌పీ, 1982 నాటిది. ఫలానా ఐపీ ఎవరిదని అడిగితే "నాదే" అన్న ఎవరినైనా నమ్మేస్తుంది. ఊర్లోకి కొత్తగా ఎవడో వచ్చి కరెంటు బిల్లు వసూలుకొచ్చా అంటే, కార్డు అడగకుండా పైసలు చేతుల పెట్టినట్టే. రౌటరు పేరుతో దొంగ జవాబు పంపితే, మామూలు సెట్టింగుల్లో విండోస్ అయినా లైనక్స్ అయినా రౌటరు అసలు మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు నంబరు) తీసేసి దొంగది రాసుకుంటుంది. ఇక మనం బయటికి పంపేదంతా వాడి మిషన్ మీదుగానే. సైటుతో మాటలకు తాళం వేసి పంపే హెచ్‌టీటీపీఎస్ ఉంటే పాస్‌వర్డ్ చదవలేడు సరే, కానీ నెట్ ఆపేయగలడు, ఏ సైట్లకు పోతున్నామో చాలావరకు చూడగలడు. రౌటరు మ్యాక్ అడ్రస్‌ను స్టాటిక్ ఎంట్రీగా (మారకుండా చేత్తో రాసి) పెట్టాక మాత్రం విండోస్, లైనక్స్ రెండూ లొంగలేదు. ఆ పిల్ల ఇదంతా నోట్‌బుక్కులో రాసుకుంది. సిలబస్‌లో ఒక్క పేరాతో సరిపెట్టినదాన్ని కళ్లతో చూసింది!

ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు పట్టుకునేది యజమాని అనుమతి లేకుండా చేసినవాళ్లను. ఇక్కడ యజమానులు ఆ పిల్లలే కదా?

నా కడుపుమంట ఈ రోజుది కాదు. మేం మహబూబ్‌నగర్‌లో చదివినప్పుడు కంప్యూటర్లకు కవర్లు కప్పి తాళం వేసేవాళ్లు, రికార్డులు సీనియర్లవి చూసి దించేవాళ్లం. ఉద్యోగం కావాలంటే అప్పు చేసి అమీర్‌పేట హాస్టల్‌కు పోవుడే. ఇన్నేళ్లయినా పాలమూరు, నల్లగొండ పిల్లలు నేర్చుకోవాలంటే హైదరాబాదే దిక్కా? ఇక్కడే నేర్చుకుంటున్న పిల్లను బెదిరిస్తారా?

దొంగ జవాబులను కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్ దగ్గరే ఆపే డైనమిక్ ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్ కూడా ఆమె చూడాలి. అది ఉన్న పాత మేనేజ్డ్ (సెట్టింగులు మార్చుకోగల) స్విచ్ ఎవరైనా అమ్మేటట్టుంటే మెసేజ్ పెట్టండి. నేను కొనిస్తా.