పక్కవాడి వాటా మీదే కన్ను ఎందుకు?

2022లో తెలంగాణ ప్రభుత్వం గిరిజన రిజర్వేషన్‌ను 6 శాతం నుంచి 10 శాతానికి పెంచింది. ఒకే ఎస్టీ జాబితాలో ఉన్న గోండు, కోయ, కొలాం ఆదివాసులకూ లంబాడాలకూ మధ్య వివాదం నిజంగా వాటా గురించే అయితే, ఆ జీవోతో కొంతైనా చల్లబడాలి. చల్లబడలేదు. లంబాడాలను ఎస్టీ జాబితా నుంచి తొలగించాలన్న డిమాండ్ ఉట్నూరు నుంచి ఏటూరునాగారం దాకా అదే వేడితో వినిపిస్తోంది, సుప్రీంకోర్టు గడప కూడా తొక్కింది. 2017 నాటి ఘర్షణలూ ఇంటర్నెట్ నిలిపివేతా అందరికీ గుర్తే. వాటా పెరిగినా కోపం ఎందుకు తగ్గలేదన్నది మాత్రం ఎవరూ అడగరు.

దీనికి సమాధానం చెప్పినవాడు హెన్రీ టాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. పోలండ్‌లో పుట్టిన యూదుడు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లకు ఖైదీగా చిక్కి ప్రాణాలతో బయటపడ్డాడు, తిరిగి వచ్చేసరికి అయినవాళ్లలో దాదాపు ఎవరూ మిగల్లేదు. 1970 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఆయన 14, 15 ఏళ్ల బడిపిల్లలను రెండు జట్లు చేశాడు. క్లీ అనే చిత్రకారుడి బొమ్మలు నచ్చినవాళ్లు ఒక జట్టు, కాండిన్‌స్కీ బొమ్మలు నచ్చినవాళ్లు మరో జట్టు అని వాళ్లకు చెప్పాడు. నిజానికి ఆ విభజన చీటీలు తీసినట్టే జరిగింది. తన జట్టులో ఇంకెవరున్నారో ఏ పిల్లవాడికీ తెలియదు. తర్వాత ఒక్కొక్కరికీ అంకెల గళ్లున్న కాగితాలిచ్చాడు. ప్రతి గడిలో పై అంకె తన జట్టువాడికి, కింది అంకె ఎదుటి జట్టువాడికి. ఒక కొసన 19–25, నడుమ 13–13, మరో కొసన 7–1. 19–25 గడి ఎంచుకుంటే తనవాడికి దక్కేది అన్నిటికంటే ఎక్కువ, కాకపోతే ఎదుటివాడికి ఇంకా ఎక్కువ పోతుంది. పిల్లలు ఎక్కువగా మొగ్గింది 12–11 వైపు. ఎదుటివాడు ఒక్కటి తక్కువగా ఉంటే చాలని తనవాడికి రావలసిన ఏడింటిని వదులుకున్నారు!

పాత పగ లేదు, భూమి తగాదా లేదు, మతం లేదు, నోరు జారిన నాయకుడూ లేడు. ఒక గీత గీస్తే సరిపోయింది.

6ను 10 చేయడమంటే పై అంకెనూ కింది అంకెనూ కలిపి పెంచడం. గోండు, కోయ, కొలాం యువకుడి మనసులో ఉన్నది ఆ రెండంకెల మధ్య తేడా. అది ఎక్కడికీ పోలేదు. ఇక ఆ గీత సంగతి. లంబాడాలు తెలంగాణలో ఎస్టీలైంది 1976 చట్టంతో. పెన్‌గంగ దాటి మహారాష్ట్రలోకి వెళ్తే అదే మాట, అదే తీజ్ పండుగ, అయినా వాళ్లు ఎస్టీలు కారు, విముక్త జాతి అనే వేరే వర్గం. కర్ణాటకలో ఎస్సీలు. ఇంత ఇష్టారాజ్యంగా గీసిన గీతకు అటూ ఇటూ నిలబడ్డవాళ్లు దాన్ని తాతలనాటి వైరంలా మాట్లాడుకుంటున్నారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లికి గోండులు వచ్చింది తమ భూములు కాజేసిన షావుకార్ల మీద గొంతెత్తడానికి. పోలీసు తూటాలకు ప్రాణాలొదిలిందీ దానికే. నలభై ఏళ్లు తిరిగేసరికి షావుకారు కంటికి కనిపించడం మానేశాడు, ఒకే జాబితాలో పక్కన నిలబడ్డవాడు కనిపిస్తున్నాడు. ఇది ఎవరికి లాభమో విడమరచి చెప్పాలా?

ఆదివాసుల గోడు అబద్ధమని నేను అనడం లేదు. రాష్ట్ర గిరిజన జనాభాలో సగానికి పైగా లంబాడాలే, చదువుల్లో వాళ్లు ముందున్న మాటా వాస్తవం. కడుపు మండినవాడికి మనస్తత్వశాస్త్రం వినిపిస్తావా అని కోప్పడేవాళ్లకు నా జవాబు ఒక్కటే. వర్గీకరణ చేయండి. 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీల 15 శాతాన్ని మూడు గ్రూపులకు 1, 9, 5 శాతాలుగా పంచినట్టే ఎస్టీలకూ చేయవచ్చు. దానితో వాటా తేలుతుంది, పగ తేలదు.

పగ సంగతికొస్తే మన అధికారులకు రెండే మందులు తెలుసు, శాంతి కమిటీ, సహపంక్తి భోజనం. 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ముజఫర్ షెరీఫ్ అనే శాస్త్రవేత్త 22 మంది పిల్లలను రెండు జట్లు చేసి, పోటీలు పెట్టి, శత్రువులను చేశాడు. తర్వాత అందరినీ ఒకే భోజనశాలలో కూర్చోబెడితే ఒకరి మీద ఒకరు తిండి విసురుకున్నారు. నీళ్ల సరఫరా ఆగి, అందరూ కలిసి బాగుచేసుకోవలసి వచ్చాకే మెత్తబడటం మొదలైంది. మేడారం చూడండి. జంపన్న వాగులో అందరూ మునుగుతారు, అందరూ బెల్లమే బంగారంగా సమర్పిస్తారు. అయినా 2017లో జాతర ట్రస్టు బోర్డులో లంబాడాలకు చోటిస్తే రగడైంది. పక్కపక్కన మునిగినంత మాత్రాన కలిసి పనిచేసినట్టు కాదు.

కలిసి పనిచేసే వయసు పదేళ్లు. సరిగ్గా ఆ వయసులోనే మన రాష్ట్రం పిల్లలను విడదీస్తోంది. ఐదో తరగతి గురుకుల ప్రవేశపరీక్ష అందరికీ ఒకటే. హనుమకొండలోనో మహబూబాబాద్‌లోనో తండా పిల్ల, గూడెం పిల్ల, మాదిగవాడ పిల్లవాడు, పద్మశాలి పిల్లవాడు ఒకే హాలులో ఒకే ప్రశ్నపత్రం రాస్తారు. ఫలితం వచ్చాక ఎక్కువమంది దారులు వేరు. ఒకరు గిరిజన గురుకులానికి, ఒకరు సాంఘిక సంక్షేమ గురుకులానికి, ఒకరు బీసీ గురుకులానికి. మైనారిటీలకు ప్రవేశమే వేరు. కొద్ది సీట్లు ఇతరులకు ఉంటాయి గానీ గేటు మీది బోర్డు ఎవరి బడో చెప్పేస్తుంది. టాజ్‌ఫెల్ కాసేపు గీసి చెరిపేసిన గీతను మనం ఇంటర్ దాకా గీస్తూనే ఉన్నాం. విడిగా పెట్టకపోతే ఆ పిల్లలకు నిధులూ రక్షణా ఉండేవా అంటారు. ఉండేవి కావు, ఒప్పుకుంటాను. నిధుల పద్దు వేరుగా ఉండటానికీ పిల్లల పడకలు వేరుగా ఉండటానికీ సంబంధం ఏమిటి?

2024 అక్టోబరులో యంగ్ ఇండియా సమీకృత గురుకులాలకు శంకుస్థాపన చేసినప్పుడు ఈ పని మొదలైందనుకున్నాను. ఇరవై, పాతిక ఎకరాల ఆవరణలో అన్ని గురుకులాలూ ఉంటాయట. ఆవరణ ఒకటై, లోపల గురుకులాలను నడిపే నాలుగు సొసైటీలు, నాలుగు భవనాలు, నాలుగు క్రికెట్ జట్లు అయితే ఓక్లహోమాలో మొదటి వారాలే పునరావృతమవుతాయి. మార్గదర్శకాల్లో ఒక్క వాక్యం చాలు: తరగతి గదులు, పడకలు, ఆటల జట్లు సొసైటీల వారీగా కాకుండా హాజరుపట్టీ వరుసలో కేటాయించాలి. తొలి బడి గేటు తెరవకముందే ఆ వాక్యం రాయించాలని మన జిల్లాల ఎమ్మెల్యేలను అడగాలి.