ఆ గుయ్‌మనే శబ్దం ఇంకా వదల్లేదు

దర్శకుడు డేవిడ్ లించ్ తీసిన 'ఎరేజర్‌హెడ్' సినిమా చూసి 'ఇంతకీ కథేంటి?' అని అడిగేవాళ్లతో నాకు పేచీ లేదు. 'ఎండింగ్ ఎక్స్‌ప్లెయిన్డ్' అని పది నిమిషాల వీడియోలో తేల్చిపారేసేవాళ్లతోనే నా గొడవంతా. తండ్రి కావడానికి భయపడే కుర్రాడి కథట. అంతేనట! ఆ భయం ఉంది, కాదనను. మరి ఆ భోజనాల సీన్ సంగతేంటి? కాబోయే అత్తారింట్లో ఆ కుర్రాడు హెన్రీ చేతికి కత్తిచ్చి, పిడికెడంత కోడిని కోయమంటారు. కత్తి పెట్టగానే వండిన కోడి కాళ్లాడిస్తుంది, లోపల్నుంచి నల్లగా ఏదో పొంగుతుంది. అత్తగారు పూనకం వచ్చినట్టు ఊగిపోయి లేచి వెళ్తుంది. మావగారు మాత్రం పళ్లికిలిస్తూ హెన్రీ వంకే చూస్తుంటాడు. నవ్వొస్తుంది, కడుపులోనూ తిప్పుతుంది. దీన్ని ఏ అర్థంలో ఇరికిస్తారు?

'పాపం, డబ్బుంటే ఇంకా బాగా తీసేవాడు' అనేవాళ్లని చూస్తే ఇంకా ఒళ్లు మండుతుంది. అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన 10,000 డాలర్లతో 1972లో షూటింగ్ మొదలైంది. డబ్బులైపోతే ఆగడం, దొరికితే మళ్లీ మొదలెట్టడం. మధ్యలో లించ్ ఇంటింటికీ పేపర్లు వేశాడు. హెన్రీగా చేసిన జాక్ నాన్స్ ఆ పాత్ర కోసం పెట్టిన నిక్కబొడుచుకున్న జుట్టుతోనే ఏళ్లు నెట్టుకొచ్చాడు. ఒకచోట హెన్రీ తలుపు తీస్తాడు, తర్వాతి షాట్‌లో లోపలికొస్తాడు. ఆ రెండు షాట్ల మధ్య ఏడాదికి పైగా గడిచింది! సినిమా బయటికొచ్చేసరికి 1977. పెద్ద బడ్జెట్ అంటే నెత్తిన నిర్మాత ఉంటాడు కదా, ఆ కోడి దగ్గరే కత్తెర పడేది.

ఇక సౌండ్. సౌండ్ డిజైనర్ అలన్ స్ప్లెట్, లించ్ కలిసి చేసింది అదే అసలు సినిమా అంటాను నేను. మాటలు తక్కువ. ఆవిరి బుస, గాలి హోరు, గోడల వెనక ఎక్కడో మిషన్లు నడుస్తున్నట్టు గుయ్ అని మోత. అది ఆగదు. ఆగకపోయేసరికి కాసేపటికి దాన్ని వినడం మానేస్తాం, అక్కడే దొరికిపోతాం. ఇప్పటికీ అర్ధరాత్రి కరెంటొచ్చి ఫ్రిజ్ గుయ్‌మని అందుకుందంటే, నాకు హెన్రీ గదే కళ్లముందుకొస్తుంది. కథలో ఏది ముందో ఏది వెనకో చాలావరకు మర్చిపోయాను గానీ, ఆ మోత మాత్రం పోవట్లేదు.

సినిమాలో హెన్రీకి పుట్టిన ఆ వింత పసిబిడ్డని ఎలా తయారుచేశాడో లించ్ 2025 జనవరిలో పోయేదాకా నోరు విప్పలేదు. అలాంటివాడి సినిమాకి 'ఫుల్ క్లారిటీ' అని థంబ్‌నెయిల్ పెట్టి ఎర్ర బాణం గీశారంటే, బాబూ, మీ ధైర్యానికో దండం.